ఆ పాటకు నేను చెప్పిన అర్థం

మా పేటలో ఎవరైనా చనిపోతే, సమాధి చేసిన మూడో రోజునో ఐదో రోజునో ఇంటి ముందు ఆదరణ కూటం పెట్టేవారు. ఇప్పటికీ పెడుతున్నారు, కాకపోతే షామియానా, మైకు, ప్లాస్టిక్ కుర్చీలు వచ్చి చేరాయి. నేను చెప్పేది డెబ్బైలు, ఎనభైల నాటి సంగతి. అప్పట్లో వాకిట్లో కొబ్బరాకు పందిరి, కింద చాపలు, మధ్యలో ఒక హార్మనీ పెట్టె, అంతే. చర్చి అయ్యగారు వాక్యం చదివి ప్రార్థన చేసేవారు. అయినవాళ్ళు ఒక్కొక్కరే లేచి, పోయినవారి గురించి నాలుగు మాటలు చెప్పి కళ్ళు తుడుచుకునేవారు. ఆ తర్వాత కొత్త పాట ఉండేది.

పోయిన ప్రతి మనిషికీ ఒక కొత్త పాట కట్టడం కొత్తపేట చుట్టుపక్కల మా నాలుగైదు పేటల్లో ఉన్న అలవాటు. ఎవరు మొదలుపెట్టారో నాకు తెలియదు. మా నాన్నగారు సంఘంలో ఉపదేశి, ముప్ఫై ఏళ్ళు ఆయనే కట్టారు. ఆయనకు ముందు వాళ్ళ మేనమామ కట్టేవారట. మనవాళ్ళకి ఫొటోలు లేవు, రాతి సమాధులు లేవు, ఒక పాటైనా ఉండాలి కదా అనేవారు నాన్నగారు. ఆ పాటలు ఎక్కడా అచ్చు కాలేదు. ఆ ఇంటివాళ్ళే ఒక నోటుపుస్తకంలో ఎక్కించుకుని, బైబిలుతో పాటు పెట్టెలో దాచుకునేవారు.

ఉత్త పాటే అయితే ఇంత చెప్పాల్సిన పని లేదు. ఆ పాటను విప్పాలి. అంటే, కట్టినవాళ్ళు ముందు ఒక్కరే పాడి వినిపించి, తర్వాత నిలబడి, ఏ చరణం ఎందుకు వచ్చిందో, ఏ మాట ఆ మనిషి బతుకులో ఎక్కడిదో అందరికీ విడమరిచి చెప్పాలి. దాన్నే మేం పాట విప్పడం అనేవాళ్ళం. విప్పేదాకా ఎవరూ గొంతు కలపరు. విప్పిన తర్వాత పందిరంతా పాడుతుంది. ఇంకో నియమం కూడా ఉండేది. కూటంలో వినిపించేదాకా ఆ పాట ఇంటివాళ్ళకు కూడా తెలియకూడదు. ముందే వినిపిస్తే వాళ్ళు అది తీసెయ్యండి, ఇది కలపండి అంటారని, ప్రతి తండ్రీ ఒకేలాంటి తండ్రి అయిపోతాడని నాన్నగారి భయం.

ఆయన పద్ధతి ఆయనకుండేది. సమాధి అయిన మర్నాడు ఆ ఇంటికి వెళ్ళి, గుమ్మంలో కూర్చుని మాటల్లో పెట్టేవారు. మంచివాడా చెడ్డవాడా అని అడిగేవారు కాదు. ఆ చేతులు ఏం పని చేసేవి, ఆ నోటి వెంట తరచూ ఏ మాట వచ్చేది, ఈ రెండే అడిగేవారు. ఒకసారి ఒక పెద్దాయన పోతే, ఆయన గురించి చెప్పడానికి గట్టు తగాదాలు తప్ప ఇంకేమీ దొరకలేదు. రోజూ పొద్దున్నే లేచి తన అరెకరం గట్టును అడుగులు వేసి కొలుచుకునేవాడట. నాన్నగారు అదే పాట కట్టారు. ప్రభువా, ఇతనికిచ్చే చోటు సరిగ్గా కొలిచి ఇయ్యి, లేకపోతే ఊరుకోడు అని. విప్పుతుంటే ఆయన భార్య ఏడుస్తూ ఏడుస్తూ నవ్వేసింది. ఆ పాట ఆలమూరు దాకా పాకింది. అక్కడివాళ్ళకు ఆ మనిషెవరో కూడా తెలియదు.

డెబ్బైల చివర్లో నాన్నగారు పోయారు. అప్పటికి నేను పేటలోని ఎలిమెంటరీ స్కూల్లో పనిచేస్తున్నాను. పెళ్ళయి ఎనిమిదేళ్ళు. మావారు హార్మనీ వాయించేవారు. నాన్నగారి పాటను నేనే కట్టి, నేనే విప్పాను. ఆడమనిషి నిలబడి విప్పడమేమిటని ఇద్దరు పెద్దలు గొణిగారు గానీ, అయ్యగారు కళ్ళెర్రజేసేసరికి ఊరుకున్నారు. ఆ తర్వాత అందరూ నా దగ్గరికే రావడం మొదలుపెట్టారు.

నాకు బాగా పట్టుబడింది. అది చెప్పుకోడానికి మొహమాటం లేదు. టీచరమ్మగారు విప్పితే రాళ్ళు కూడా ఏడుస్తాయి అనేవారు. ఆ మాట నా చెవిన పడ్డప్పుడల్లా లోపల పొంగిపోయేదాన్ని. నాన్నగారు విప్పితే జనం ఒకసారి నవ్వేవారు, ఒకసారి ఏడ్చేవారు. నేను విప్పితే ఏడవడమే. ఎక్కడ ఆపితే ఏడుస్తారో, ఏ మాట రెండుసార్లు చెబితే కొంగులు కళ్ళ దగ్గరికి వెళ్తాయో నాకు తెలిసిపోయింది. జనాన్ని ఏడిపించగలగడం గొప్ప అనుకునేదాన్ని. ఈ సంగతి ఒప్పుకోడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

ఎనభైల మొదట్లో, ఒక వర్షాకాలం చివర, పీచు పనిచేసే ఒకావిడ చనిపోయింది. నలభై ఏళ్ళు కూడా ఉండవు. భర్త కొబ్బరి దింపు తీసే మనిషి, చెట్టు మీంచి పడి పోయి అప్పటికి ఏడేళ్ళయింది. ఇద్దరూ ఆడపిల్లలే. పెద్దమ్మాయి కొత్తపేటలో ఇంటర్ చదివి, టీచరు ట్రైనింగుకు సీటు తెచ్చుకుంది. ఇంకో నెలలో వెళ్ళి చేరాలి. చిన్నపిల్ల మా స్కూల్లోనే నాలుగో తరగతి. తల్లి కాలవ పక్కన, ఊరి కామందు గారు నానబెట్టించిన కొబ్బరి డొక్కలను కర్రతో కొట్టి పీచు తీసేది. ఊడ్పులూ కోతలూ వచ్చినప్పుడు ఆయన పొలానికే వెళ్ళేది. వారం రోజుల జ్వరంతోనే పోయింది. పెద్దాసుపత్రికి తీసుకెళ్దామనుకునేసరికే మాట పడిపోయింది.

సమాధి చేసిన మర్నాడు నేను వాళ్ళింటికి వెళ్ళాను. పెద్దమ్మాయి గుమ్మంలో పీట వేసి నన్ను కూర్చోబెట్టింది. చిన్నది దాని ఒడిలో తల పెట్టుకుని పడుకుంది. చేతులు ఏం చేసేవని నేను అడగక్కర్లేదు, ఆ అరచేతులు నేను చూసినవే. నోటి మాట అడిగాను. అమ్మ ఎప్పుడూ ఏమనేదమ్మా అన్నాను.

పెద్దమ్మాయి చెప్పింది. సాయంత్రం పని నుంచి వచ్చి పొయ్యి వెలిగించి, అన్నం వండి, ఇద్దరికీ పెట్టేదట. నువ్వు కూడా కూర్చోమ్మా అంటే, నేను తినే వచ్చేనమ్మా అనేదట. కామందు గారింట్లో అమ్మగారు చాలా మంచివారని, రోజూ పని అయ్యాక పనివాళ్ళకు కడుపునిండా పెట్టి పంపేవారని చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు ఆ పిల్ల మొహంలో కొంచెం గర్వం కూడా కనిపించింది. వాళ్ళ అమ్మ అంటే ఆ అమ్మగారికి ప్రత్యేకంగా ఇష్టమట, ఒక్కోరోజు పెరుగు కూడా వేసేవారట.

నేను తలాడించాను. ఇక్కడే నా పొరపాటు జరిగింది, అది ఎలా జరిగిందో సరిగ్గా చెప్పాలి. నేను కూడా కూలి ఇంటి మనవరాలినే. ఆ కామందు గారింటి సంగతి మా పేటలో తెలియనివారు లేరు. ఊడ్పుల రోజుల్లో మధ్యాహ్నం గంజీ, ఊరగాయ ముక్కా తప్ప ఆ ఇంటి నుంచి పనివాళ్ళకు అన్నం అన్నది రాదు. పీచు కొట్టే చోటైతే మంచినీళ్ళు కూడా ఎవరి చెంబు వాళ్ళే తెచ్చుకోవాలి. కాబట్టి ఆ తల్లి తినలేదని నాకు వెంటనే తెలిసిపోయింది. అయితే ఆ పిల్లకు కూడా తెలుసనే అనుకున్నాను. మా పేటలో ఎవరూ ఆకలి అన్న మాటను నోరు విప్పి అనరు. ఇంటికి వచ్చినవాళ్ళ ముందు ఇలాగే కప్పి చెబుతారు. వినేవాళ్ళు అర్థం చేసుకుని తలాడిస్తారు. మా అమ్మా ఇలాగే మాట్లాడేది, మా అమ్మమ్మా ఇలాగే మాట్లాడేది. ఇంటర్ చదివిన పిల్ల, పంతొమ్మిదేళ్ళ పిల్ల, తెలియకుండా ఉంటుందా అనుకున్నాను. అడగలేదు.

ఇంటికి వచ్చేసరికే పల్లవి వచ్చేసింది. దారిలో కాలవ గట్టు మీద నడుస్తూ నాలో నేను పాడుకుంటూ వచ్చాను.

ఆకు వేయవయ్యా తండ్రీ, మా అమ్మకు
ఆకు వేయవయ్యా
పొద్దుగూకి వచ్చింది పని నుంచి, పక్కన
పీట వేయవయ్యా

మర్నాటికి చరణాలు కూడా అయిపోయాయి. ఆఖరి చరణం నాకు ఎంత నచ్చిందంటే, మావారికి కూడా వినిపించకుండా దాచుకున్నాను.

నీ గుమ్మంలోనూ తిన్నానంటుంది
ఆ మాట వినకయ్యా
మారు అడిగి వడ్డించయ్యా తండ్రీ
మా అమ్మ లేచేదాకా

కూటం ఆదివారం మధ్యాహ్నం పెట్టారు. పందిరి నిండిపోయింది. పీచు కొట్టే ఆడవాళ్ళంతా వచ్చారు. పిల్లలిద్దరూ ముందు చాప మీద కూర్చున్నారు, పక్కనే వాళ్ళకు మేనత్త వరసయ్యే పెద్దావిడ. ఆవిడ కూడా తల్లితో కలిసి పీచు కొట్టిన మనిషే. నేను పాట పాడి వినిపించాను. విప్పకముందు ఆ పాట పరలోకపు విందు గురించిన పాటలాగే వినిపిస్తుంది. తిన్నానంటుంది అన్న మాట దగ్గర పెద్దమ్మాయి చిన్నదాని వైపు చూసి, కన్నీళ్ళలోనే కొంచెం నవ్వింది. అమ్మ మాటే కదా అన్నట్టు. ఆ నవ్వు నాకు ఇవాళ్టికీ గుర్తుంది.

తర్వాత విప్పాను. ముందు పని గురించి చెప్పాను, చేతుల గురించి చెప్పాను. ఆఖరి చరణానికి వచ్చి, గొంతు తగ్గించాను. ఈ తల్లి రోజూ తినే వచ్చేనని చెప్పిందని, ఎక్కడ తిన్నదో ఇక్కడ కూర్చున్న ఆడవాళ్ళందరికీ తెలుసని అన్నాను. ఏ ఇంట్లోనూ ఆవిడకు ఎవరూ రాత్రి అన్నం పెట్టలేదని, కుండలో ఉన్నది ఇద్దరికే సరిపోతుంది గనక మూడో కంచం కడగకుండా ఏడేళ్ళు గడిపిందని చెప్పాను. చివరికి దేవుడి గుమ్మంలోకి వెళ్ళి కూడా అలవాటు కొద్దీ తిన్నానంటుంది, అందుకే తండ్రీ నువ్వు నమ్మవద్దు అని అడుగుతున్నాం అన్నాను. ఆడవాళ్ళ కొంగులు కళ్ళ దగ్గరికి వెళ్ళాయి. నేను అనుకున్న చోటే వెళ్ళాయి. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు తృప్తిగా ఉంది.

అప్పుడు ముందు చాప మీంచి పెద్దమ్మాయి గొంతు వినిపించింది. గట్టిగా ఏమీ అడగలేదు. క్లాసులో అర్థం కానిది అడిగినట్టు అడిగింది.

"అంటే మా అమ్మ తినలేదా అండీ?"

మావారి చేతులు హార్మనీ మీదే ఆగిపోయాయి. ఆ పిల్లకు తెలియదు. ఏడేళ్ళూ నమ్మింది. ఇప్పుడు పేటంతా కూర్చున్న పందిట్లో, నా నోటి నుంచి వింది. వెనక నుంచి ఎవరో ఆడమనిషి, జాలి కొద్దీ, తినేదమ్మా, అప్పుడప్పుడు తినేది అంది. ఆ అప్పుడప్పుడు అన్న మాటతో ఉన్న కాస్త అనుమానం కూడా పోయింది. పెద్దమ్మాయి ఇంకేమీ అడగలేదు. చిన్నదాని తలను దగ్గరికి లాక్కుని, దాని రెండో చెవిని అరచేత్తో మూసింది. వినాల్సిందంతా అది అప్పటికే వినేసింది.

ఆ రోజు పాట ఎవరూ పాడలేదు. అయ్యగారు ప్రార్థన చేసి ముగించారు. ఆదరణ కూటం తర్వాత వచ్చినవాళ్ళకు భోజనం పెట్టడం కూడా మా అలవాటే, సంఘం వాళ్ళే తలా కొంచెం బియ్యం వేసి వండుతారు. ఆకులు వేసింది పెద్దమ్మాయే. అన్నం, పప్పుచారు, కంద బచ్చలి కూర, అందరికీ వంగి వంగి వడ్డించింది. నా ఆకు దగ్గరికి వచ్చి, ఇంకొంచెం వెయ్యమంటారా అండీ అని మర్యాదగా అడిగింది. నేను వద్దని చెయ్యి అడ్డం పెట్టాను. అందరూ తిని లేచాక ఆ పిల్ల చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళిపోయింది. తిన్నదో లేదో నేను చూడలేదు.

మావారు రెండు రోజులు నాతో ఈ విషయం ఎత్తలేదు. మూడో రోజు, ఆ పిల్లకి ముందుగా ఒకసారి వినిపించాల్సింది అన్నారు. అలా వినిపించకూడదన్నది మన నియమం కదా అని నేను గయ్యిమన్నాను. నియమమే, నేను కాదనలేదు అని ఆయన బయటికి వెళ్ళిపోయారు. తప్పు నాది అని తెలిసినప్పుడే నాకు కోపం ఎక్కువ వస్తుంది. ఆ రోజంతా గిన్నెల మీద చూపించాను.

రెండు వారాల తర్వాత, స్కూల్లో ఇంటర్వెల్లు అప్పుడు చిన్నపిల్ల నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. పలక సర్దుకుంటున్నట్టు కాస్సేపు నటించి, అక్క రాత్రిపూట తినట్లేదండి అంది. ఎందుకు తినట్లేదమ్మా అని అడిగాను.

"నాకు పెట్టేసి, నేను తినేసేనంటందండి. అక్క ఎక్కడ తింటందండి?"

ఆ పిల్ల చెప్పిన మిగతా సంగతులు కూడా విన్నాను. అక్క ట్రైనింగుకు వెళ్ళనంటోందట. వాళ్ళమ్మ కూర్చున్న చోటే కూర్చుని డొక్కలు కొడుతోందట. చేరాల్సిన రోజు ఇంకో తొమ్మిది రోజుల్లో ఉంది. ఆ సీటు కోసం ఆ తల్లి ఏం వదులుకుందో పేటంతటికీ చాటింది నేనే. ఆ మాట విన్నందుకే ఆ పిల్ల ఇప్పుడు సీటు వదులుకుంటోంది. స్కూలు వదిలాక ఇంటికి కూడా వెళ్ళకుండా నేరుగా కాలవ దగ్గరికి నడిచాను.

నానిన డొక్కల వాసన దూరం నుంచే తగిలింది. ఏడెనిమిది మంది ఆడవాళ్ళు వరసగా కూర్చుని కొడుతున్నారు. పెద్దమ్మాయి చివర కూర్చుంది. నన్ను చూసి లేచి, కూర్చోవడానికి తాటిదుంగ చూపించింది. నేను కూర్చోలేదు. అందరూ వింటున్నారని తెలిసినా అక్కడే క్షమాపణ అడిగాను. అందరి ముందూ అన్నదానికి అందరి ముందే అడగాలి కదా.

మీరు అబద్ధం ఏమీ చెప్పలేదు కదండీ అంది ఆ పిల్ల. తర్వాత కర్ర పక్కన పెట్టి, నా మొహంలోకి చూడకుండా, అసలు సంగతి చెప్పింది.

"నేను రెండోసారి పెట్టించుకునేదాన్నండి. ఇంకొంచెం వెయ్యమ్మా అనేదాన్ని. వేసేది. ఒక్కరోజు కూడా లేదనలేదండి."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆ పిల్ల ఏడవలేదు. మళ్ళీ కర్ర తీసుకుని కొట్టడం మొదలుపెట్టింది. నేను ట్రైనింగు మాట ఎత్తాను, అమ్మ కోరిక అని ఏదో అన్నాను, ఆ మాటలు నాకే ఉత్తవిగా వినిపించాయి. అప్పుడు పక్కన కూర్చున్న మేనత్త, చేతిలో పని ఆపకుండానే, అందుకుంది. ఆవిడ మాట కటువుగా ఉంటుంది, పేటలో ఆవిడతో వాదం పెట్టుకునేవాళ్ళు లేరు.

"ఒసే పిల్లా, మీ యమ్మ పొద్దున్నే ఇక్కడ కూచుని ఏం చెప్పేదో నీకెవరైనా చెప్పేరా? రాత్రి కూడా నమ్మేసేరొదినా అని నవ్వేది. కామందు గారింట్లో ఇవాళ ఏం కూరొండేరని చెప్పాలో మమ్మల్నడిగి మరీ కథ కట్టుకునేది. పెరుగేసేరని చెప్పమన్నది నేనే. నువ్వు మారడిగిన మర్నాడైతే, అది ఇక్కడ కాలు నిలవకుండా తిరిగేది. పెద్దది రెండోసారడిగిందొదినా, దానికి అనుమానమే లేదొదినా అని పదిమందికీ చెప్పేది."

పెద్దమ్మాయి చేతిలో కర్ర ఆగింది. మేనత్త నా వైపు తిరిగింది.

"టీచరమ్మగారూ, మీరు దాని ఆకలి చెప్పేరు. నిజమే, ఆకలుంది. మరి అది నవ్వేదండీ. మీరు ఇంట్లోవాళ్ళని అడిగి వెళ్ళిపోయేరు, మమ్మల్ని అడగలేదు."

నేను తలదించుకున్నాను. ఏడేళ్ళు ఆవిడ పక్కన కూర్చున్నవాళ్ళు ఇక్కడ ఉన్నారు. పాట కట్టేముందు నేను ఈ కాలవ దగ్గరికి రాలేదు. నాకు కావాల్సిన కన్నీళ్ళు గుమ్మంలోనే దొరికిపోయాయి గనక అక్కడితో లేచి వచ్చేశాను. రోజూ ఆ అబద్ధంతో పిల్లల్ని గెలిచి నవ్విన మనిషిని పట్టుకుని, దేవుడి గుమ్మంలో చెయ్యి చాచి నిలబెట్టాను.

మేనత్త చెప్పినదంతా నిజమో, ఆ పిల్ల కోసం అప్పటికప్పుడు అల్లిందో నాకు తెలియదు. మిగతా ఆడవాళ్ళు అవునవునంటూ తలో మాటా కలిపారు. పనసపొట్టు కూర చెప్పమన్నది నేను అంది ఒకావిడ. రొయ్యల ఇగురు చెబితే నమ్మరని, అది నేనే మాన్పించాను అంది ఇంకొకావిడ. పాట కోసం ఏ మాట విన్నా ఎక్కడిది, నిజమేనా అని అడగడం నాకు అలవాటు. ఆ రోజు అడగలేదు. పెద్దమ్మాయి మోకాళ్ళ మీద తల పెట్టుకుని, తల్లి పోయిన తర్వాత మొదటిసారి గట్టిగా ఏడ్చింది. ఆడవాళ్ళు పని ఆపకుండా దాన్ని ఏడవనిచ్చారు.

మర్నాడు చిన్నపిల్లను అడిగాను. అక్క తిందండి, కొంచెం తింది అని చెప్పింది. ఆ ఎనిమిది రోజులూ రోజూ అడిగాను. తొమ్మిదో రోజు పొద్దున్న పెద్దమ్మాయి రేకు పెట్టె పట్టుకుని బస్సెక్కింది. చిన్నదాన్ని మేనత్త తన ఇంట్లో ఉంచుకుంది. బస్సు దగ్గరికి నేను వెళ్ళలేదు, నాకు మొహం చెల్లలేదు. ఆ ఏడాది ఇంకో మూడు చావులకు నన్ను పాట కట్టమన్నారు. ఒంట్లో బాగోలేదని తప్పించుకున్నాను. మావారు నన్ను బలవంతం చేయలేదు.

ఏడాది తిరిగాక జ్ఞాపకార్థ కూటం పెడతారు. ఆ రోజు మొదటి పాటనే మళ్ళీ పాడాలి. ఈ పాట అసలు ఒక్కసారి కూడా జనం పాడనిది. వేరే పాట ఏదైనా పాడి ముగిద్దామని అయ్యగారు అన్నారు, నేను సరేనన్నాను. పెద్దమ్మాయి సెలవు పెట్టి వచ్చింది. కాస్త ఒళ్ళు చేసింది, మొహం తేటగా ఉంది. ముందురోజు సాయంత్రం మా ఇంటికి వచ్చి, ఆ పాటే పాడాలండీ, విప్పేది మాత్రం నేను విప్పుతాను అంది. కట్టినవాళ్ళు కాకుండా ఇంకొకరు విప్పడం మా పేటల్లో ఎన్నడూ లేదు. ఏం చెబుతావమ్మా అని నోటిదాకా వచ్చింది. అడిగే అర్హత నాకు లేదనిపించి, అలాగే అన్నాను.

మళ్ళీ అదే వాకిలి, అదే పందిరి, ఆ మనుషులే. నేను పాట పాడి వినిపించి కూర్చున్నాను. పెద్దమ్మాయి చెల్లెలి చెయ్యి పట్టుకుని లేచి నిలబడింది. ఏడాది కిందట ఇదే చోట ఏం జరిగిందో ఎవరూ మర్చిపోలేదు.

"మా అమ్మ తినే వచ్చేదండి" అంది ఆ పిల్ల. "కామందు గారింట్లో పెట్టేవోరు. ఒక్కోరోజు పెరుగు కూడా వేసేవోరు. మాకు మా అమ్మే చెప్పింది. అందుకని మేం ఎప్పుడూ కడుపునిండా తిన్నామండి. ఈ పాటకి అర్థం అదేనండి."

అంతే చెప్పి, పందిట్లో అందరి వైపూ చూస్తూ నిలబడింది. కూర్చోలేదు. ఏదో వినడానికి నిలబడిందని కాస్సేపటికి గానీ మాకు అర్థం కాలేదు.

ముందుగా మేనత్త అవునంది. "ఆయ్, తినే వచ్చేది." తర్వాత ఆవిడ వెనకున్న ఆవిడ ఆయ్ అంది. ఆ తర్వాత చాప చాపకీ ఆ మాట వెనక్కి వెళ్ళింది. తమ ఇళ్ళల్లో తామూ ఆ మాటే చెప్పి పడుకున్న ఆడవాళ్ళు, పక్కన పెద్దపిల్లలు కూర్చుని ఉండగా, ఒక్కొక్కరే తల ఎత్తి ఆయ్ అన్నారు. అయ్యగారు కూడా అన్నారు. మావారు కూడా ఆయ్ అని, హార్మనీ మీద చెయ్యి పెట్టి, వాయించకుండా ఆగారు. పందిట్లో ఇంకా అననిది నేనొక్కదాన్నే.

ఆ పిల్ల నా వైపు తిరిగింది. కళ్ళల్లో కోపం లేదు. అడుగుతోంది, అంతే. నేను లేచి నిలబడ్డాను.

"ఆయ్, మీ అమ్మ తినే వచ్చేదమ్మా" అన్నాను.